పారబోసిన మందు

గౌరీశ్వరి బాత్రూం తలుపు తీసుకుని బయటికి వచ్చేసరికి లీటరు సీసా సింకులో బోర్లా పడి ఉంది.

పొద్దున్న అందులో మందు కలిపింది తనే. సగం తాగింది. ఆ సగం కడుపులో చేరి తన పని తాను చేసుకుపోతోంది. మిగిలిన సగం సింకు గొట్టంలోంచి పెరటి కాలువలోకి పోయింది.

స్టవ్ దగ్గర అత్తగారు ఆదిలక్ష్మమ్మ వెనక్కి తిరక్కుండా చింతపండు పిసుకుతోంది.

"అత్తా, ఇదేటి?"

"సూత్తే తెలీదేటి? పారబోసీసేను."

"రెండో పేకెట్టేది? ఇక్కడ అలమర్లో పెట్టేను."

"అదీ నేదు."

గౌరి గోడకి చెయ్యి ఆనించి నిలబడింది. సాయంత్రానికి సిటీలో ఆసుపత్రిలో చేరాలి. రేపు పొద్దున్న మొదటి ఆపరేషన్ తనదే. ఈలోగా రెండు పేకెట్ల మందూ నీళ్ళలో కలుపుకుని తాగి, పేగులు ఖాళీ చేసుకుని రమ్మంది డాక్టర్ నీలిమ. జబ్బు గర్భసంచి దాటి పేగు గోడ దాకా పాకింది. పేగు శుభ్రంగా లేకపోతే అక్కడ కత్తి పెట్టనని ముందే చెప్పింది.

"నెలల తరబడి ఆగితే దొరికిన డేటు అత్తా ఇది."

"డేటుదేవుంది, మళ్ళీ దొరుకుద్ది."

హాల్లో దేవీప్రసాద్ సోఫా అంచున కూర్చుని సెల్లు చూస్తున్నాడు. స్టీలుప్లాంటు రోలింగ్ మిల్లులో, ఆ మోతల మధ్య, నలభై అడుగుల దూరంలో ఉన్న మనిషికి వినపడేలా అరవగలడు. ఇంటికి వస్తే మాత్రం ఆ గొంతు గేటు బయట వదిలేసి వస్తాడు.

"బావా, మీ యమ్మ మందు పారబోసింది."

"ఇన్నాను."

"ఇని?"

అతను తల ఎత్తలేదు.

"జంక్షన్లో మెడికల్ షాపుకెళ్ళి ఇంకో పేకెట్టు తే. ఇప్పుడే."

"అమ్మతో ఓపాలి మాటాడి..."

"అమ్మతో నాను మాటాడతాను. నువ్వు బండి తియ్యి."

అతను లేచాడు. తల్లి వీపు వైపు ఒకసారి, పెళ్ళాం మొహం వైపు ఒకసారి చూశాడు. తాళంచెవి తీసుకుని వెళ్ళాడు. మోటారు సైకిల్ చప్పుడు వీధి మలుపు తిరిగేదాకా విని, గౌరి వంటింట్లోకి వచ్చింది.

"ఈ పులుసెవులికి?"

"కోనాం సేప ముక్కలు. నీకిష్టం కాదేటి."

"పొద్దుట్నించి నీళ్ళు తప్ప తాగకూడదని తెలిసి, నా ముందర కోనాం పులుసు ఎట్టేవా?"

"ఆకలేత్తే తింటావని."

అంత నెమ్మదిగా, అంత మామూలుగా అంది ఆదిలక్ష్మమ్మ. గౌరికి నవ్వొచ్చింది, ఒళ్ళు మండింది. రెండూ ఒకేసారి.

"సెప్పు అత్తా. ఎందుకు పారబోసేవు?"

"ఆ డాక్టరమ్మ మాటలు నాకు నచ్చనేదు. ముందేమో నెల రాకుండా ఆపే బిళ్ళలన్నాది. ఆర్నెల్లు మింగమన్నాది. అవి మింగితే పిల్లలు పుట్టరని నాను మొత్తుకున్నాను. ఇన్నావా? మింగేవు. ఇప్పుడు కోతంట."

"నెల ఆపే బిళ్ళ నాకు డాక్టరమ్మ కొత్తగా ఇచ్చిందేటి?"

ఆదిలక్ష్మమ్మ చెయ్యి చింతపండులో ఆగింది.

"పెళ్ళయి ఈ ఇంటికొచ్చిన ఏడు మీ ఊళ్ళో అమ్మోరి పండగ. ఘటం ఎత్తాలి, మైల తగలకూడదని బిళ్ళ ఎవులిచ్చేరు నాకు? నువ్వే. మరుసటేడూ నువ్వే. మీ మరిది కూతురి పెళ్ళికొకటి, గృహప్రవేశానికొకటి. మెడికల్ షాపోడు నిన్ను సూడగానే అడక్కుండానే తీసిచ్చేవోడు. అప్పుడు పిల్లలు పుట్టరని నీకు బయమెయ్యనేదు. అమ్మోరి కోసమైతే ఆ బిళ్ళ మంచిది. నా నొప్పి కోసమైతే అదే బిళ్ళ పాపం."

"అవి నాలుగ్రోజులు. ఇది ఆర్నెల్లు."

"నా నొప్పి పదహారేళ్ళు అత్తా."

ఆదిలక్ష్మమ్మ చింతపండు రసం స్టవ్ మీది గిన్నెలో పోసి గరిటె తిప్పింది.

అంతలో వీధి గేటు కిర్రుమంది.

వరహాలు వచ్చాడు. ఆదిలక్ష్మమ్మకి అన్నగారు, ప్రసాదుకి మేనమామ. ప్లాంటులో ఉన్నన్నాళ్ళూ యూనియన్లో తిరిగి కార్మికుల తగాదాలు తీర్చాడు. రిటైరయ్యాక చుట్టాల తగాదాలు తీరుస్తున్నాడు. కూర్మన్నపాలెంలో ఎవరింటికి వెళ్ళినా ఫ్యాను కింద కుర్చీ ఆయనదే. అడగక్కర్లేదు, జరిగి ఇస్తారు.

కూర్చుని, కండువా మడత పెట్టి ఒళ్ళో వేసుకున్నాడు.

"ఏటమ్మా గౌరీ. పోర్టులో క్రేనెక్కి అంతెత్తు నించి కంటైనర్ డబ్బాలు దించుతావంట. పంతం దించలేకపోతన్నావేటి?"

"పంతం కాదు మావయ్యా. నొప్పి."

"నొప్పి ఏ ఆడదానికి నేదు?"

"అది మీకెలగ తెలుసు?"

వరహాలు నవ్వాడు. వంటింటి వైపు తల తిప్పి, "ఒలే లచ్చిమీ, నీ కోడలు మా యూనియన్లో ఉండాల్సిన మనిషే," అన్నాడు.

గౌరి జవాబు చెప్పబోయింది. కడుపులో మందు మెలి తిప్పింది.

"ఒక్క నిమిషం మావయ్యా," అని లేచి బాత్రూంలోకి పోయి తలుపేసుకుంది.

వరహాలు తన జీవితంలో ఎన్నో పంచాయితీలు చేశాడు. మధ్యలో అలిగి లేచిపోయిన వాళ్ళని చూశాడు, ఏడ్చి పడిపోయిన వాళ్ళని చూశాడు. ఇలా లేచిపోయిన మనిషిని చూడడం ఇదే మొదలు. ఏం చెయ్యాలో తెలియక ఫ్యాను వైపు చూస్తూ కూర్చున్నాడు.

"ఇంటన్నాను, సెప్పండి మావయ్యా," అంది గౌరి లోపల్నించి.

"అక్కణ్ణించేటి మాటలు. నువ్వొచ్చీ."

వచ్చింది. మొహం కడుక్కుని, చెంగుతో తుడుచుకుని, ఆయనకి ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది. ఈ ఇంట్లో వరహాలు ఎదుట ఇంతవరకూ ఏ ఆడదీ కుర్చీలో కూర్చోలేదు.

"సూడమ్మా. ఆ క్రేను కేబిన్లో పొద్దస్తమానం ముందుకొంగి, కాళ్ళ సందుల్లోంచి అద్దంలో కిందకి సూత్తా కూకుంటావు. కడుపు నలిగిపోదేటి? ముందు ఆ ఉద్యోగం మానీ. మూడు నెలలు ఇంటికాడ కూకో. ఆ తరవాత టెస్టుట్యూబు డాక్టరు దగ్గరికి నానే తీసికెల్తాను. ముందు బిడ్డ. తరవాత కోత."

"ఈ నొప్పి నాకు కాలేజీలో ఉన్నప్పుడే ఉంది మావయ్యా. అప్పటికి నాను క్రేను బొమ్మలో కూడా సూళ్ళేదు."

"మరి అంతకాలం ఓర్చుకున్నదానివి..."

"ఓర్చుకున్నాను కాబట్టే ఇంతదాకా వొచ్చింది." గౌరి ముందుకు వంగింది. "మీకు అర్థమయ్యేలాగ సెప్తాను. మా యార్డులో డబ్బా మీద డబ్బా పెడతారు. మూలమూలకీ తాళం ఉంటాది. పై డబ్బా ఎత్తాలంటే ముందు నాలుగు తాళాలూ ఊడాలి. ఒక్క తాళం ఊడకపోయినా, పైదాన్ని లాగితే కిందది కూడా లేసి వొచ్చేత్తాది. నా కడుపులో అదే అయింది. గర్భసంచి లోపల పెరగాల్సిన పొర బయట పెరిగింది. నెలనెలా అక్కడా రక్తం కారద్ది. బయటికి దారి నేదు. అదే గడ్డకట్టి జిగురై అండాశయాన్నీ, సంచినీ, పేగునీ ఒకదానికొకటి తాళం ఏసీసింది. నాను కూకుంటే పేగు లాగుద్ది. దొడ్డికెల్తే అండాశయం లాగుద్ది. డాక్టరమ్మ నాలుగు సిన్న గాట్లు పెట్టి లోపల తాళాలు ఒక్కొక్కటీ ఊడదీత్తాది. అంతే."

వరహాలు విన్నాడు. విన్నట్టు తల ఊపాడు కూడా.

"అయితే పిల్లలు పుడతారని రాసిచ్చిందేటి?"

"నేదు. ఇవ్వలేనంది. నొప్పి మళ్ళీ రాదని కూడా ఇవ్వలేనంది. నాను పిల్లల కోసం సేయించుకోడం నేదు మావయ్యా. పోయిన నెల డబ్బా గాల్లో ఉండగా నొప్పొచ్చింది. కింద లారీ మీద మనిషున్నాడు. దాన్ని దించేదాకా నా నోట్లో తువ్వాలు కుక్కుకున్నాను. దించేక క్యారేజీ గిన్నెలో వాంతి సేసుకున్నాను. నాకు నొప్పి లేకుండా ఓ నెల బతకాలనుంది. అది కోరుకోడానికి బిడ్డ పేరు సెప్పక్కర్లేదు."

వరహాలు కండువా మళ్ళీ మడత పెట్టాడు. బేరం ఒక పక్క తెగకపోతే రెండో పక్కనుంచి రావడం ఆయనకి అలవాటు.

"సరే. కోతే కావాలంతావు. అలగైతే ఈ సగం సగం పన్లెందుకు? సంచి మొత్తం తీయించెయ్. పీడ పోద్ది. మీ యత్తకి ఇరవయ్యేడేళ్ళకే తీయించీనాం. నానే దగ్గరుండి సేయించేను. మళ్ళీ కడుపునొప్పన్న మాట ఇన్నావా దాని నోట?"

వంటింట్లో గరిటె చప్పుడు ఆగిపోయింది.

"ఆ తరవాత ప్రసాదు సంగతి మనం సూసుకుందుం," అన్నాడు వరహాలు, కొంచెం గొంతు తగ్గించి.

"సూసుకోడవంటే?"

ఆయన ఫ్యాను వైపు చూశాడు. "కుర్రోడికి ఎన్నేళ్ళని. ముప్ఫయ్యారే కదా."

గౌరి లేచి నిలబడింది.

"ఆ మాట సెప్పాలంటే ప్రసాదు వొచ్చి నా ఎదర కూకుని సెప్పాలి. మీరు కాదు. ఇక నా కడుపు సంగతంటారా, అందులో ఏది ఉంచాలో ఏది తియ్యాలో డాక్టరమ్మకి నానే సెప్పేను. అండాశయం నిలబెట్టడానికి సూడమన్నాను. వల్లకాకపోతే తీసీమన్నాను. సంచి ముట్టుకోవద్దన్నాను. మీరు ఫ్యాను కింద కూకోండి. గాలి బాగొత్తాది."

వంటింట్లోంచి మాడు వాసన వచ్చింది.

ఆదిలక్ష్మమ్మ స్టవ్ ముందే నిలబడి ఉంది. పులుసు అడుగంటి పొగ లేస్తోంది. ఆమె చూపు గిన్నె మీద లేదు. కుడిచెయ్యి బొడ్డుకింద పెట్టుకుని, గోడని చూస్తోంది. గౌరి స్టవ్ కట్టేసింది.

"పులుసు మాడింది అత్తా."

"మాడనీ."

గౌరి మాడిన గిన్నె దించి పక్కన పెట్టింది.

"నొప్పన్న మాట నా నోట ఇన్నావా అంటన్నాడు," అంది ఆదిలక్ష్మమ్మ. "ఎవులికి సెప్పాల? ఎవులున్నారు ఇండానికి?"

"అత్తా."

"నాకూ నొప్పే. నీలాగే. ప్రసాదు పుట్టినాక ఎక్కువైంది. ఓ రోజు అన్నియ్య వొచ్చి సిన్న ఆపరేషనన్నాడు. ముందు రోజు ఆముదం తాగించేరు. కడుపంతా కడిగీసింది. పొద్దున్న సూదేసేరు. లేసేసరికి అయిపోయింది. ఏటి తీసేరో నాకు తెలీదు. మూడోనాడు పక్కమంచం మనిషి సెప్పింది, సంచి తీసీసేరని. ప్రసాదు నాన్నా, అన్నియ్యా మాటాడీసుకున్నారు. నన్నెవులూ అడగనేదు." చెంగుతో మెడ తుడుచుకుంది. "ఆ ఏడే ఒంట్లో సెగలు మొదలెట్టేయి. సలికాలంలో నూతికాడ నిలబడి నెత్తిన నీళ్ళు దిమ్మరించుకునేదాన్ని. అందరూ పూనకమన్నారు."

గౌరి సింకులో సీసా వైపు చూసింది. ఒక్కసారిగా అర్థమైంది.

"అందుకా పారబోసేవు?"

"నువ్వా సీసా ఎత్తి తాగతంటే నాకు ఆముదం గళాసే కనిపించింది. కడుపు కడిగించేది సంచి తీయడానికే. నాకు తెలుసు. నాలుగు గాట్లంటారు. ముందు ఎవులూ నిజం సెప్పరు. లేసేక తెలుసుద్ది."

ఎనిమిదేళ్ళలో అత్తగారిని ఇంత దగ్గరగా ఎప్పుడూ చూడలేదు గౌరి. ఆ చెయ్యి పట్టుకోవాలనిపించింది. పట్టుకోలేదు. పట్టుకుంటే ఈ మాట చెప్పడం కుదరదు.

"నిన్ను ఎవులూ అడగనేదు. సరే. నువ్వు నన్ను అడిగేవా అత్తా?"

ఆదిలక్ష్మమ్మ తల తిప్పింది.

"నా మందు నన్ను అడక్కుండానే పారబోసేవు. మావయ్య ఆముదం పోసేడు, నువ్వు మందు పారబోసేవు. పోసినా పారబోసినా ఒకటే."

ఆ మాట దిగినట్టు తెలుస్తూనే ఉంది. ఆదిలక్ష్మమ్మ సింకులో సీసా వైపు తిరిగింది.

హాల్లో గౌరి ఫోను మోగింది. వరహాలు కళ్ళ ముందే తీసింది.

"గౌరీశ్వరిగారేనా అండీ? ఆసుపత్రి నుంచి సిస్టర్ దుర్గని. ఇందాక మీవారు ఫోన్ చేశారండి. ఆపరేషన్ ఇప్పుడు వద్దు, వాయిదా వేసుకుంటామన్నారు. పేషెంటు తన నోటితో చెప్తే తప్ప తియ్యొద్దని నీలిమ మేడం అన్నారు. అందుకని చేశాను."

గౌరి గుమ్మం వైపు చూసింది. మెడికల్ షాపు ఎంత దూరమని. నడిచి వెళ్ళినా ఈపాటికి రెండుసార్లు తిరిగి రావచ్చు.

"సిస్టర్, ఆపరేషన్ నాది. నేను వస్తున్నాను," అంది. ఒక్కొక్క మాటా క్రేను మీద వాకీటాకీలో చెప్పినట్టు, విడివిడిగా. "ఇక మీదట నా గురించి ఎవరు ఫోన్ చేసినా నన్ను అడగండి."

"మందు తాగేశారా అండీ?"

"సగం పేకెట్టే తాగేను. మిగతాది ఒలికిపోయింది."

"రెండో పేకెట్ తాగేసి రండి. మిగిలింది ఇక్కడ మేం చూసుకుంటాం. అది కూడా తాగకపోతే మాత్రం మేడం చెయ్యరండి."

ఫోను పెట్టేసి వెనక్కి తిరిగేసరికి ఆదిలక్ష్మమ్మ వంటింటి గుమ్మంలో ఉంది.

"ప్రసాదు వొద్దన్నాడా?"

"అన్నాడు."

"నీకు సెప్పకుండా?"

"మీ కొడుకు కదా."

ఆదిలక్ష్మమ్మ దేవుడి గూడు దగ్గరికి వెళ్ళింది. పసుపు డబ్బా దింపి, మూత తీసి, లోపల చెయ్యి పెట్టింది. పసుపు అంటిన పేకెట్టు ఒకటి బయటికి తీసింది.

"మందు కదా. దీన్ని పారెయ్యడానికి సెయ్యి రానేదు."

సింకులోంచి సీసా తీసి తోమింది. కాచి చల్లార్చిన నీళ్ళు మెడదాకా పోసింది. పేకెట్టు పళ్ళతో చింపి, పొడి అంతా వేసి, మూతపెట్టి గిలకొట్టింది. పండక్కి పానకం కలిపినంత శ్రద్ధగా.

"ఒక్కటి సెప్పు. సంచి తియ్యరు కదా?"

"తియ్యొద్దన్నాను."

"నీ మాట ఇంతారా?"

"నువ్వొచ్చి అడుగు. డాక్టరమ్మ ఎదర నిలబడి నువ్వే అడుగు."

ఆదిలక్ష్మమ్మ గ్లాసు నింపి చేతికిచ్చింది. గౌరి ముక్కు మూసుకుని తాగింది. ఉప్పగా, తియ్యగా, సముద్రంలో బత్తాయి పిండినట్టుంది. రెండో గ్లాసు. మూడోది.

"ఏటే లచ్చిమీ, తేలిందా?" అన్నాడు వరహాలు హాల్లోంచి.

ఆదిలక్ష్మమ్మ ఖాళీ గ్లాసు చేత్తో పట్టుకునే హాల్లోకి వెళ్ళింది.

"తేలింది. అన్నియ్యా, ఆయేల నాకు ఆముదం నీ సేత్తోనే తాగించేవు. గేపకముందేటి?"

"ఇప్పుడదెందుకే? నీ బాగు కోసమే కదా."

"నన్నడిగేవేటి?"

వరహాలు ఒళ్ళో కండువా సర్దుకున్నాడు.

"పులుసుంది," అంది ఆదిలక్ష్మమ్మ. "మాడింది. తిని ఎల్లు."

మందు సీసా ఖాళీ అయింది. దాని తుఫాను కూడా చాలామటుకు వెలిసిందనిపించాక, గౌరి ఫోన్లో ఆటో పిలిచింది. బట్టల సంచీ పట్టుకుని బయటికి వచ్చేసరికి ఆదిలక్ష్మమ్మ ముందే వెళ్ళి ఆటోలో కూర్చుంది. కట్టుచీర మార్చుకుంది, తువ్వాలూ ఫ్లాస్కూ ఒళ్ళో పెట్టుకుంది. రమ్మని ఎవరూ అనలేదు. దిగమనీ ఎవరూ అనలేదు.

అప్పుడు వచ్చింది ప్రసాదు బండి.

గేటు ముందు ఆపాడు. దిగలేదు. చొక్కా జేబులోంచి మందు పేకెట్టు అంచు కనిపిస్తోంది.

"కొన్నావా?" అంది గౌరి.

"కొన్నాను."

"కొని, ఆసుపత్రికి ఫోన్ సేసి వొద్దన్నావా?"

అతను హ్యాండిల్ పట్టుకున్న చేతుల వైపు చూసుకున్నాడు.

"మీ మావ సెప్పమన్నాడేటి?"

"కాదు."

"మరి?"

ఆటోడు ఇంజను ఆపేశాడు.

"రెండేళ్ళ కిందట పిల్లల కోసం నాకూ టెస్టు సేసేరు కదా," అన్నాడు ప్రసాదు. "బాగుందన్నారని సెప్పేను నీకు."

"సెప్పేవు."

"బాగోలేదు."

గౌరి కదల్లేదు.

"నీ కడుపులో జబ్బుందని తేలేక ఇంక నన్నెవులూ అడగనేదు," అన్నాడు అతను, దాదాపు గుసగుసగా. "ఇప్పుడు నీకు బాగయిపోతే..."

మిగతాది అతని వల్ల కాలేదు. గౌరే పూర్తిచేసింది. "అందరూ నీ కేసి సూత్తారు."

అతను తలూపాడు.

రెండేళ్ళు. గొడ్రాలన్న మాట పక్కింటి నీళ్ళ కుళాయి దగ్గర విన్న రెండేళ్ళు. సీమంతానికి పిలిచి, పసుపు రాయడానికి మాత్రం పిలవని రెండేళ్ళు. అప్పుడల్లా ఇతను పక్కనే ఉన్నాడు, సెల్లు చూసుకుంటూ. అరవాలనిపించింది గౌరికి. అరిస్తే వీధి వింటుంది, అతను మళ్ళీ తలొంచుకుంటాడు, అంతటితో అయిపోతుంది. అంత చవగ్గా వదలదలుచుకోలేదు.

"లోపల మీ మావ కూకున్నాడు. సంచి తీయించేసి నీకు ఇంకో పెళ్ళి సేత్తాడంట. ఇప్పుడు నాకు సెప్పిన మాట ఆయనకి సెప్పు. గట్టిగా సెప్పు. సెప్పేక రావాలనుంటే ఆసుపత్రికి రా. సెప్పకుండా మాత్రం రాకు."

ఆటో ఎక్కింది. పక్కన ఆదిలక్ష్మమ్మ ముందు సీటు కడ్డీ పట్టుకుని అలాగే ఉండిపోయింది. అంతా విన్నదని ఆ చెయ్యి చూస్తే తెలుస్తోంది.

"అమ్మా," అన్నాడు ప్రసాదు.

గౌరి ఎదురుచూసింది. ఇప్పుడు దిగుతుంది. కొడుకు కదా.

ఆదిలక్ష్మమ్మ చక్రంలో పడకుండా చీర చెంగు లోపలికి లాక్కుంది.

"పోనీ బాబూ," అంది ఆటోడితో.

గాజువాక దాకా దారంతా రద్దీ. బస్సులు, షేర్ ఆటోలు, ఇనుప చువ్వలు వేలాడే లారీలు. ప్రతి గుంతలోనూ గౌరి పొట్ట పట్టుకుంది. వెలిసిందనుకున్న తుఫాను వెలవలేదు.

"ఎనకాల బండోడు మనోడేనా అమ్మా?" అన్నాడు ఆటోడు అద్దంలో చూస్తూ. "హారను కొడతానే ఉన్నాడు. ఇద్దరున్నారు."

గౌరి తల బయట పెట్టి చూసింది. ప్రసాదు. వెనక సీట్లో, కండువా గాలికి ఎగురుతూ, వరహాలు.

చెప్పి తీసుకొస్తున్నాడా? చెప్పలేక, ఆయన తీసుకొస్తుంటే వస్తున్నాడా?

"ఆపకు," అంది.

అన్న మరుక్షణం కడుపు మెలి తిరిగింది. క్రేను మీదైతే పళ్ళ బిగువున ఆపుకునేది. ఇది ఆగేది కాదు.

"బాబూ, ఆ పెట్రోలు బంకులోకి తిప్పు. బేగి."

ఆటో ఆగీ ఆగకముందే దిగింది. బంకు మూల బాత్రూం. ఆమె సగం దూరం వెళ్ళేసరికి బండి వచ్చి అడ్డంగా ఆగింది. వరహాలు దిగాడు. చెయ్యి ఎత్తాడు.

"అమ్మా గౌరీ, నా మాట..."

"ముందు దారివ్వండి మావయ్యా. మాట తరవాత."

ఆయన పక్కకి జరిగాడు. జీవితంలో మొదటిసారి, అడిగిన వెంటనే.

గౌరి తలుపేసి గడియ పెట్టింది. రేకు తలుపు. బయట చప్పుళ్ళన్నీ లోపలికి వస్తున్నాయి. పెట్రోలు పంపు గరగర. చెప్పుల చప్పుడు. ఆటో దిగి వస్తున్న ఆదిలక్ష్మమ్మ గాజులు.

"ఏటిదంతా? కోడలు సెప్తే అత్త ఆడటవేటి?" వరహాలు గొంతు. "ఒరే ప్రసాదూ, మీ యమ్మకి సెప్పు, ఇంటికి పదమని."

గాజుల చప్పుడు దగ్గరికి వచ్చి ఆగింది.

"సెప్పరా," అంది ఆదిలక్ష్మమ్మ. "సెప్పాల్సింది సెప్పు."

గౌరి గోడకి చెయ్యి ఆనించింది.

అప్పుడు వినిపించింది ఆ గొంతు. ఎనిమిదేళ్ళ కాపురంలో ఇంట్లో ఒక్కసారి కూడా వినని గొంతు. రోలింగ్ మిల్లు మోతల మీదుగా నలభై అడుగుల దూరం వెళ్ళే గొంతు. బంకులో పెట్రోలు పోయించుకుంటున్న వాళ్ళందరూ తలలు తిప్పి ఉంటారు.

"మావా. ముందు నా మాట ఇను."

రోడ్డు మీద లారీ ఒకటి పొడుగాటి హారన్ కొడుతూ బంకు ముందుకి వచ్చింది. ఆ మోతలో తర్వాతి మాటలు కొట్టుకుపోయాయి; 'టెస్టు' అన్న ఒక్క మాట మాత్రం రేకు తలుపు దాటి లోపలికి వచ్చింది.